కాలేజీ ట్రాక్ వదిలి ప్రొఫెషనల్‌గా మారే ముందు జాగ్రత్తలు

అమెరికా కాలేజీలో పరుగెత్తే మీకు షూ కంపెనీ ఆఫర్ వచ్చిందా? సంతకానికి ముందు ఇవి చూసుకోండి.

- కోతల షరతులు వెతకండి. గాయమై పోటీలు తప్పినా, ర్యాంకు పడిపోయినా డబ్బు తగ్గించడం ఈ రంగంలో మామూలే. పెద్ద అంకె చూసి మురిసిపోవద్దు. ఏజెంటు మాట చాలదు, లాయరుతో ప్రతి పేజీ చదివించండి.
- కోచ్, ఫిజియో, ప్రయాణాల ఖర్చు ఇక ఎవరిది?
- మిగిలిన చదువు ఫీజు కాంట్రాక్టులో రాయించుకోండి.
- 2021 జులై నుంచి కాలేజీలో ఉంటూనే పేరు, ఫొటోలతో సంపాదించుకోవచ్చు. అలాంటప్పుడు తొందరెందుకు? అమెరికా రన్నర్ అథింగ్ ము కాలేజీలో ఒక్క సీజన్‌కే ప్రొఫెషనల్ అయి టోక్యో ఒలింపిక్స్‌లో 800 మీటర్ల స్వర్ణం గెలిచింది, నిజమే. అలాంటివాళ్లు చాలా అరుదు.
- ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీదున్న మన పిల్లలు ఏ డబ్బు తీసుకునే ముందైనా ఇమిగ్రేషన్ లాయరును కలవాలి.