రెండో హాఫ్‌లో ఆయాసం ఇలా తగ్గింది

నేను కబడ్డీ రైడర్‌ని, అంటే కూత పెడుతూ ఎదుటి జట్టు వైపు వెళ్లేవాణ్ణి. మొదటి 20 నిమిషాలు బాగానే ఆడేవాణ్ణి. రెండో హాఫ్‌లో మాత్రం కాళ్లు బరువెక్కేవి, కూత పెడుతుంటే గొంతు పట్టేసేది. స్టామినా లేదనుకుని రోజూ స్ప్రింట్లే చేశాను. నీరసం ఇంకా పెరిగింది.

రైడ్ 30 సెకన్లే. ఆ దూకుడుకు కండరాల్లో నిల్వ ఉన్న శక్తే ముఖ్యం. కానీ రైడ్‌కీ రైడ్‌కీ మధ్య కోలుకోవాలంటే ఆక్సిజన్ బాగా అందాలి. నాకు కొరవడింది అదే.

వారంలో మూడు రోజులు పొద్దున్నే 40 నిమిషాలు, పక్కవాడితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా పరుగెత్తాను. మొదట్లో అంత నెమ్మదంటే మనసొప్పలేదు. స్ప్రింట్లు వారానికి రెండు రోజులే చేశాను: 30 సెకన్లు గట్టిగా, రెండు నిమిషాలు నడక, ఆరుసార్లు.

రెండు నెలలకి, రైడ్ అయ్యాక మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగిపోవడం ఆగింది. ఇప్పుడు చివరి ఐదు నిమిషాల్లోనూ బోనస్‌కి, అంటే బోనస్ గీత దాటి అదనపు పాయింట్ తేవడానికి వెళ్తున్నాను.