డిగ్రీలో ప్రాచీన చరిత్ర, పాత భాషలు చదవాలంటే ఏం చేయాలి?

ఇంటర్ అయ్యాక "శాతవాహనుల కాలం గురించి చదువుతాను, బ్రాహ్మీ లిపి నేర్చుకుంటాను" అని ఇంట్లో చెబితే, మొదట వచ్చే ప్రశ్న ఉద్యోగం గురించే. దానికి జవాబు కింద ఉంది. ముందు చదువు సంగతి చూద్దాం. చాలామంది చరిత్ర చదువుతారు, భాష తర్వాత చూద్దాంలే అని వదిలేస్తారు. ఆ తర్వాత అనేది మళ్లీ రాదు. అందుకే మొదటి సంవత్సరం నుంచే భాష పట్టుకోమంటాను.

ఏ నాగరికతో ముందు తేల్చుకోండి

ఏ భాష నేర్చుకోవడానికి ఓపిక ఉందో చూసుకుంటే ఇది తేలిపోతుంది. ఈజిప్టు చిత్రలిపి, మెసొపొటేమియాలోని సుమేరియన్, అక్కాడియన్ భాషలను డిగ్రీలోనే చదవాలంటే చాలావరకు విదేశాలకు వెళ్లాల్సిందే. సింధు లిపిని ఇప్పటిదాకా అందరూ ఒప్పుకునేలా ఎవరూ చదవలేదు కాబట్టి అటు వెళ్తే ప్రధానంగా తవ్వకాల శాస్త్రమే చదవాలి. ఇక్కడే ఉండి చరిత్ర, భాష రెండూ కావాలంటే ప్రాకృతం (సంస్కృతానికి దగ్గరగా ఉండే పాత వాడుక భాష), సంస్కృతం, పాత తెలుగు మంచి దారి. ఈ వ్యాసం ఆ దారి గురించే.

కోర్సు ఎంచుకోండి

బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ప్రాచీన భారత చరిత్ర, సంస్కృతి, పురావస్తు శాస్త్రం బీఏలోనే ఒక సబ్జెక్టు. ప్రవేశం సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా. అంత దూరం వెళ్లలేకపోతే దగ్గర్లోని కాలేజీలో చరిత్రతో పాటు సంస్కృతం గానీ తెలుగు గానీ ఉన్న బీఏ తీసుకోండి, ఏమీ నష్టం లేదు. ఉస్మానియాలో ప్రాచీన చరిత్రకు పీజీ విభాగం ఉంది, తర్వాత అక్కడికి వెళ్లొచ్చు. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నవాళ్లు మాత్రం అది వచ్చేసిందనుకోకుండా రామ శబ్దం నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

లిపి నేర్చుకోండి

అశోకుడి బ్రాహ్మీ చూడగానే టెన్షన్ పడతారు గానీ, మన తెలుగు అక్షరాలకు మూలం అదే. 'క' కూడిక గుర్తులా ఉంటుంది. 'ఠ' ఒట్టి సున్న, ఆ సున్నలో చుక్క పెడితే 'థ'. 'గ' ఇంటి కప్పులా ఉంటుంది. గుణింతం కూడా మనదే: అక్షరం పైన కుడివైపు చిన్న గీత గీస్తే దీర్ఘం, ఎడమవైపు గీస్తే ఏత్వం, అడుగున గీస్తే ఉకారం. రోజుకు ఐదు అక్షరాలు చేత్తో రాయండి. ఫోన్‌లో చూస్తే కళ్లకు తెలుస్తుంది గానీ చేతికి రాదు.

అక్షరాలు వచ్చాక 'దేవానంపియ' అనే మాటను వెతకండి. దేవతలకు ప్రియమైనవాడు అని అర్థం, అశోకుడు తనను అలా చెప్పుకున్నాడు. కర్నూలు జిల్లాలో, గుత్తికి దగ్గర్లో ఉన్న ఎర్రగుడి బండల మీద ఆయన శాసనాలున్నాయి. వాటిలో ఒకదానిలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. కాబట్టి ఒక పంక్తి అర్థం కాకపోతే వెనక నుంచి కూడా చదివి చూడండి.

చిన్న శాసనాలతో మొదలుపెట్టండి

రాజులను పొగిడే పెద్ద ప్రశస్తి శాసనాల జోలికి వెంటనే పోవద్దు. అమరావతి స్తూపం దగ్గర దొరికిన దాన శాసనాలు మొదటి పాఠానికి సరిగ్గా సరిపోతాయి. ఎవరు, ఎవరి కొడుకు, ఏమిచ్చారు, చాలావాటిలో అంతే ఉంటుంది. సంస్కృతంలో 'పుత్ర' ఈ శాసనాల ప్రాకృతంలో 'పుత' అవుతుంది, 'ధర్మ' 'ధమ' అవుతుంది. ఇలాంటి మార్పులు ఒక ముప్పై నోట్‌బుక్‌లో రాసుకుంటే ప్రాకృతం దారిలో పడుతుంది.

వాటిలో ఒకటి తోలుపని చేసే విధికుడిది. అతను తన కుటుంబంతో కలిసి పూర్ణఘటం (నిండు కుండ బొమ్మ) చెక్కిన రాతిపలక ఇచ్చాడు. అతని వృత్తిని 'చమ్మకార' అని రాశారు. దాదాపు రెండు వేల ఏళ్ల కిందటి ఒక చేతిపనివాడి పేరును మీ నోటితో మీరే చదివినప్పుడు, ఇంత కష్టం ఎందుకు పడాలో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

తెలుగులోకి రండి

కడప జిల్లా కలమళ్లలో క్రీ.శ. 575 ప్రాంతంలో రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు వేయించిన శాసనాన్ని మనకు దొరికిన తొలి తెలుగు శాసనంగా చెబుతారు. అందులో 'రేనాణ్డు ఏళన్' అని ఉంటుంది. అంటే రేనాడు ఏలగా. తెలుగువాళ్లం కదా, అర్థమైపోతుంది అనుకుంటే ఇక్కడే ఆగిపోతాం. ఈ కాలపు శాసనాలకు పాత వ్యాకరణం విడిగా చదవాలి. తర్వాత 848 నాటి అద్దంకి శాసనానికి వెళ్లండి. అందులో తరువోజ అనే ఛందస్సులో రాసిన పద్యం ఉంది, ఛందస్సు తెలిస్తే అరిగిపోయిన అక్షరాన్ని కూడా ఊహించవచ్చు.

ఉద్యోగం మాట

ఒట్టి బీఏతో ఈ రంగంలో ఉద్యోగం కష్టం. ఎంఏ తప్పదు. ఆ తర్వాత భారత పురావస్తు సర్వేక్షణ సంస్థలో శాసన విభాగం, మ్యూజియాలు, అధ్యాపక వృత్తి ఉన్నాయి. పోస్టులు తక్కువ, నోటిఫికేషన్ల కోసం ఎదురుచూపు ఎక్కువ. ఇంట్లో ఈ మాట దాచకుండా చెప్పండి.

రాయి దగ్గరికి వెళ్లండి

మీ ఊరి గుడి ప్రాకారంలోనో చెరువు గట్టునో శాసనం ఉండొచ్చు. ఉదయం గానీ సాయంత్రం గానీ వెళ్లండి. ఏటవాలు ఎండలో అరిగిన గీతలు బాగా కనిపిస్తాయి. లేదంటే పక్క నుంచి టార్చి వేసి ఫొటో తీయండి. అక్షరాలు బాగా కనబడాలని సుద్ద, పసుపు, నూనె, రంగు పూయొద్దు, రాయి పాడవుతుంది. తడి కాగితం అద్ది, బ్రష్‌తో కొట్టి, సిరా పూసి నకలు తీసే పద్ధతి ఉంది గానీ, అది అనుమతితో, తెలిసినవాళ్ల దగ్గర నేర్చుకుని చేయాల్సిన పని.

ఎన్ని పంక్తులున్నాయి, రాయి ఎటు తిరిగి ఉంది, ఏ వైపు విరిగింది, అన్నీ రాసుకోండి. ఇంటికొచ్చి అచ్చయిన శాసన సంపుటాలతో పోల్చండి. సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్ పదో సంపుటం మొత్తం తెలుగు శాసనాలదే. మీ రాయి వాటిలో ఎక్కడా కనబడకపోతే, ఫొటోతో పాటు ఆ వివరాలన్నీ పురావస్తు శాఖకు రాసి పంపండి.