రెండు క్లాకుల మధ్య డేటా – నాలుగో భాగం: ఫిఫో నిండిందని ఎవరు చెప్పాలి?

ఒక క్లాకుతో నడిచే సర్క్యూట్ నుంచి మరో క్లాకుతో నడిచే సర్క్యూట్‌కు ఒకే ఒక్క బిట్టును రెండు ఫ్లిప్-ఫ్లాప్‌ల (క్లాకు ప్రతి దెబ్బకూ ఒక బిట్టును పట్టి నిలిపే సర్క్యూట్ల) సింక్రొనైజర్ ద్వారా ఎలా దాటించాలో మూడో భాగంలో చూశాం. అందులో నుంచి ఈ పాఠానికి రెండు విషయాలు కావాలి. క్లాకు ఎడ్జ్‌కు, అంటే క్లాకు సంకేతం మారే క్షణానికి, మరీ దగ్గరగా మారిన బిట్టును పట్టుకున్న మొదటి ఫ్లిప్-ఫ్లాప్ సున్నాకో ఒకటికో చేరుకోలేక కొంతసేపు మధ్యలో ఊగిసలాడవచ్చు; దీనినే మెటాస్టెబిలిటీ అన్నాం. అది తేరుకోవడానికి ఒక క్లాకు కాలం గడువు ఇవ్వడమే రెండో ఫ్లిప్-ఫ్లాప్ పని. ఆ గడువు వల్ల విలువ అవతలి వైపుకు రెండు మూడు క్లాకుల తరువాత గానీ చేరదు. 1973లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన థామస్ చేనీ, చార్లెస్ మోల్నార్ ఈ ఊగిసలాటను ఆసిలోస్కోప్ ఫొటోలతో సహా ప్రచురించారు. ఆ తరువాత ఫ్లిప్-ఫ్లాప్‌లు ఎంత వేగవంతమైనా ఈ సమస్య పూర్తిగా పోలేదు, దానికి మనం చెల్లించే ఆలస్యమూ పోలేదు. కాబట్టి అవతలి క్లాకు వైపు నుంచి మనకు అందే ప్రతి సమాచారమూ ఎంతో కొంత పాతదే. అది పాతదైనా నష్టం జరగని విధంగా ఫిఫోను, అంటే ముందు రాసినదాన్ని ముందే చదివే వరుస నిల్వను, ఎలా అమర్చాలన్నదే ఈ భాగం.

హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ వైపు ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల్లో ఉండే ఏ ఎఫ్‌పీజీఏ (మనం కోరిన సర్క్యూట్‌గా మార్చుకోగల చిప్) బోర్డు మీదైనా, అదీ లేకపోతే లాప్‌టాప్‌లో ఉచితంగా దొరికే సిమ్యులేటర్ ఐకారస్ వెరిలాగ్, తరంగాలు చూపే జీటీకేవేవ్‌లతోనైనా ఈ అభ్యాసం చేయవచ్చు. మన ఫిఫోలో ఎనిమిది గదులు ఉన్నాయనుకుందాం. రాసే వైపు క్లాకు 100 మెగాహెర్ట్జ్, చదివే వైపు క్లాకు 60 మెగాహెర్ట్జ్. ఎక్కడ రాయాలో రైట్ పాయింటర్ చెబుతుంది, ఎక్కడి నుంచి చదవాలో రీడ్ పాయింటర్ చెబుతుంది. ఎనిమిది గదులకు మూడు బిట్లు చాలు. అయినా పాయింటర్‌ను నాలుగు బిట్లతో, అంటే 0 నుంచి 15 వరకు లెక్కించేలా పెడతాం. కారణం తేలికైనదే: మూడు బిట్లే ఉంటే రెండు పాయింటర్లు సమానమైనప్పుడు ఫిఫో ఖాళీగా ఉందో, నిండా ఉందో చెప్పలేం. నాలుగో బిట్టు ఎవరు ఒక చుట్టు ముందున్నారో చెబుతుంది.

చిక్కు ఆ పాయింటర్లను పోల్చే దగ్గర మొదలవుతుంది. రైట్ పాయింటర్ ఒక క్లాకులో ఉంటుంది, రీడ్ పాయింటర్ మరో క్లాకులో ఉంటుంది. పోల్చాలంటే ఏదో ఒకటి ఇవతలికి రావాలి. ఒక్కో బిట్టుకు ఒక్కో సింక్రొనైజర్ పెట్టేస్తే సరిపోతుందని మొదటిసారి ఫిఫో రాసేవారిలో చాలామంది అనుకుంటారు. రైట్ పాయింటర్ 7 నుంచి 8కి మారే క్షణాన్ని గమనించండి. 0111 పోయి 1000 వస్తుంది, అంటే నాలుగు బిట్లూ ఒకేసారి మారతాయి. నాలుగు వైర్ల ఆలస్యాలు అచ్చంగా ఒకటిగా ఉండవు. చదివే క్లాకు ఎడ్జ్ సరిగ్గా ఆ సందులో పడితే కొన్ని బిట్లు పాతవి, కొన్ని కొత్తవి దొరుకుతాయి. 1111 దొరకవచ్చు, 0000 కూడా దొరకవచ్చు. ఆ పాయింటర్ ఎన్నడూ లేని చోట ఉన్నట్టు చదివే వైపు నమ్ముతుంది, రాయని గదుల నుంచి చెత్త విలువలు చదువుతుంది. నాలుగు సింక్రొనైజర్లలో ప్రతి ఒక్కటీ తన పని తాను సవ్యంగానే చేసింది, తప్పు మాత్రం జరిగిపోయింది.

అందుకే పాయింటర్‌ను దాటించే ముందు, వరుస అంకెల మధ్య ఒక్క బిట్టే మారే గ్రే కోడ్‌లోకి మారుస్తాం. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన ఫ్రాంక్ గ్రే పేటెంట్ 1953లో మంజూరైంది. ఆయన దీనిని అనలాగ్ సిగ్నల్‌ను అంకెలుగా మార్చే ట్యూబులో తప్పులు తగ్గించడానికి వాడారు. మార్చే పద్ధతి ఒక్క అడుగు: బైనరీ సంఖ్యను ఒక స్థానం కుడికి జరిపి, అసలు సంఖ్యతో ఎక్స్-ఆర్ (రెండు బిట్లు వేరైతే 1, ఒకటే అయితే 0) చేయాలి. 7కు గ్రే కోడ్ 0100, 8కి 1100. మారింది ఒక్క బిట్టే. చదివే క్లాకు ఎడ్జ్ ఆ బిట్టు మారే క్షణంలోనే పడినా దొరికేది 7 గానీ 8 గానీ అవుతుంది; ఒకటి ఇంతకు ముందటి నిజం, మరొకటి ఇప్పటి నిజం.

ఇక్కడ ఒక సందేహం రావాలి, రాకపోతే పై పేరా మరొకసారి చదవండి. రాసే క్లాకు వేగంగా ఉన్నప్పుడు, చదివే వైపు రెండు ఎడ్జ్‌ల మధ్యలో పాయింటర్ రెండు మూడు అడుగులు వేయవచ్చు కదా, అప్పుడు రెండు మూడు బిట్లు మారినట్టే కదా? మారతాయి, కానీ ఒకదాని తరువాత ఒకటి మారతాయి. ఎడ్జ్ పడిన క్షణంలో కదలికలో ఉన్నది ఒక్క బిట్టే, మిగిలినవి అప్పటికే కుదురుకుని ఉంటాయి. మధ్య అంకెలను చదివే వైపు చూడకపోవడం వల్ల నష్టం లేదు. అయితే ఈ వాదన నిలవాలంటే గ్రే బిట్ల వైర్ల మధ్య ఆలస్యంలో తేడా రాసే వైపు ఒక క్లాకు కాలానికి లోపలే ఉండాలి. మన ఉదాహరణలో అది 10 నానో సెకండ్లు. అందుకే డిజైన్‌ను చిప్ మీద అమర్చే టూల్‌కు ఆలస్యాల హద్దులు చెప్పే టైమింగ్ ఫైలులో ఈ దారులను ఫాల్స్ పాత్ (పట్టించుకోనక్కర్లేని దారి) అని కొట్టివేసి చేతులు దులుపుకోకూడదు. మ్యాక్స్ డిలే పరిమితి పెట్టాలి. ఫాల్స్ పాత్ పెడితే టూల్ ఒక బిట్టును చిప్ ఈ చివరన, మరొక బిట్టును ఆ చివరన వదిలేసినా అడిగేవారు ఉండరు. ఎఫ్‌పీజీఏ టూల్ అయిన వివాడో వాడేవారు సింక్రొనైజర్ ఫ్లిప్-ఫ్లాప్‌లకు ఏసింక్-రెగ్ గుర్తు పెట్టడం కూడా మరవకూడదు. అప్పుడే టూల్ ఆ రెండింటినీ పక్కపక్కనే ఉంచుతుంది. గ్రే కోడ్ బయటికి వెళ్లే ముందు తన సొంత క్లాకులో ఒక రిజిస్టర్‌లో నిలవాలి. ఎక్స్-ఆర్ గేట్ల నుంచి నేరుగా వైరు లాగితే గేట్ల మధ్య పుట్టే క్షణికమైన గ్లిచ్‌లను సింక్రొనైజర్ పట్టుకుంటుంది.

గదుల సంఖ్య 2 యొక్క ఘాతాలలోనే (2, 4, 8, 16 వంటివి) ఎందుకు ఉండాలో కూడా ఇక్కడే తేలుతుంది. ఆరు గదుల ఫిఫో కోసం పాయింటర్‌ను 0 నుంచి 11 వరకు తిప్పితే, 11కు గ్రే కోడ్ 1110, దాని తరువాత 0000. మూడు బిట్లు ఒకేసారి మారాయి.

ఇప్పుడు శీర్షికలోని ప్రశ్నకు వద్దాం. ఫిఫో నిండిందన్న సంకేతాన్ని, అంటే ఫుల్‌ను, రాసే వైపే తయారు చేసుకోవాలి. ఖాళీ అయిందన్న ఎంప్టీని చదివే వైపే తయారు చేసుకోవాలి. రాసే వైపుకు తన పాయింటర్ ఎప్పటికప్పుడు తెలుసు, సింక్రొనైజర్ ద్వారా వచ్చే రీడ్ పాయింటర్ మాత్రం పాతది. పాతది అంటే, అవతలివారు నిజంగా చదివినదాని కంటే తక్కువ చదివారని మనకు కనిపిస్తుంది. అందువల్ల ఫిఫో ఉన్నదానికంటే ఎక్కువ నిండినట్టు కనిపిస్తుంది, రాసే వైపు అవసరానికి మించి రెండు మూడు క్లాకులు ఆగుతుంది. కొంచెం వేగం పోతుంది, డేటా పోదు. చదివే వైపూ ఇంతే: పాత రైట్ పాయింటర్‌ను చూసి, కొత్తగా వచ్చిన వర్డ్‌లు (ఒక్కో గదిలో పట్టే డేటా) ఇంకా రాలేదనుకుని కాసేపు ఆగుతుంది. రెండు వైపులా పొరపాటు జాగ్రత్త దిశలోనే జరుగుతుంది. ఫుల్‌ను చదివే వైపు లెక్కగట్టి, ఆ ఒక్క బిట్టును రాసే వైపుకు దాటిస్తే కథ తిరగబడుతుంది: ఫుల్ అన్న మాట చేరేలోగా రాసే వైపు ఇంకో రెండు మూడు వర్డ్‌లు రాసేస్తుంది, చదవని విలువల మీదనే రాసేస్తుంది. సర్క్యూట్ బొమ్మలో చూస్తే ఈ రెండు అమరికల మధ్య తేడా పెద్దగా కనిపించదు.

ఎంప్టీ పరీక్ష సులువు: రెండు గ్రే పాయింటర్లు అచ్చంగా సమానమైతే ఖాళీ. ఫుల్ పరీక్షలో పై రెండు బిట్లు వేరుగా, మిగిలినవన్నీ సమానంగా ఉండాలి. బైనరీలో పై బిట్టు ఒక్కటే వేరుగా ఉంటే చాలు కాబట్టి, గ్రేలోనూ అదే రాసేవారున్నారు. అలా రాస్తే ఏమవుతుందో కాగితం మీద వేసి చూడండి. రీడ్ పాయింటర్ 4 దగ్గర, అంటే 0110 దగ్గర ఉందనుకోండి. పై బిట్టు మాత్రమే మారిన 1110 అన్నది 11. అంటే ఏడు వర్డ్‌లకే నిండిపోయిందని ఆగిపోతుంది. ఇది చిన్న నష్టం. రీడ్ పాయింటర్ 3 దగ్గర, అంటే 0010 దగ్గర ఉంటే అసలు ప్రమాదం. నిజంగా నిండేది 11 దగ్గర, అంటే 1110 దగ్గర. అక్కడ పై రెండు బిట్లూ వేరుగా ఉన్నాయి కాబట్టి తప్పుడు పరీక్ష దానిని గుర్తించదు. తొమ్మిదో వర్డ్ లోపలికి వెళ్లి మొదటి వర్డ్‌ను తుడిచేస్తుంది. పాయింటర్ 12కు, అంటే 1010కి చేరాక అప్పుడు ఫుల్ అంటుంది. ఒక్కోసారి ముందే ఆగి, ఒక్కోసారి ఆలస్యంగా ఆగే ఇటువంటి ఫిఫోను బోర్డు మీద పట్టుకోవడం చాలా కష్టం, ఎందుకంటే చదివే వైపు ఖాళీగా ఉంచుకున్నంత కాలం అది బాగానే నడుస్తుంది.

ఇక లోతు లెక్క, అంటే ఫిఫోకు ఎన్ని గదులు కావాలన్న లెక్క. హైదరాబాద్‌లో చిప్ డిజైన్ కంపెనీల ఇంటర్వ్యూలకు వెళ్లేవారు దీనిని సూత్రంలా బట్టీ పడుతుంటారు. ఆ అవసరం లేదు. రాసే వైపు 100 మెగాహెర్ట్జ్ వద్ద ఆగకుండా 120 వర్డ్‌ల బర్స్ట్ పంపుతుందనుకుందాం. దానికి పట్టే కాలం 1200 నానో సెకండ్లు. ఆ కాలంలో 60 మెగాహెర్ట్జ్ వైపు 72 వర్డ్‌లు తీసుకుంటుంది. మిగిలిన 48 ఎక్కడో ఒకచోట నిలవాలి. చదివే వైపు మొదటి వర్డ్ వచ్చిందని తెలుసుకోవడానికే మూడు క్లాకులు పడుతుంది కాబట్టి మరో మూడు. ఖాళీ అయిన గది సంగతి రాసే వైపుకు చేరడానికి పట్టే కాలానికి మరో రెండు. మొత్తం 53, కాబట్టి 64 గదులు పెడతాం. ఈ లెక్కలో దాగి ఉన్న షరతు ఏమిటంటే, 120 వర్డ్‌లను చదివే వైపు పూర్తిగా ఖాళీ చేయడానికి 2000 నానో సెకండ్లు కావాలి. అంటే బర్స్ట్‌కూ బర్స్ట్‌కూ మధ్య సగటున 800 నానో సెకండ్ల విరామం ఉండి తీరాలి. సగటు వేగమే ఎక్కువైతే ఫిఫోకు ఎన్ని గదులు పెంచినా నిండే ఘడియ కాస్త వెనక్కి జరుగుతుంది, అంతే.

అప్పుడు పంపేవారిని ఆపాల్సిందే. ఆపమని చెప్పడంలోనూ ఆలస్యం ఉంటుంది. మిర్చి సీజన్‌లో వరంగల్ ఏనుమాముల మార్కెట్ యార్డు నిండాక గేటు మూసినంత మాత్రాన నర్సంపేట, ములుగు, పరకాల దారుల్లో అప్పటికే బయలుదేరిన బండ్లు వెనక్కి తిరగవు. ఆ బస్తాలు దించడానికి జాగా ముందే వదిలి గేటు మూయాలి. ఫిఫోకు ముందు, డేటా క్లాకుకు ఒకటి చొప్పున దాటే నాలుగు పైప్‌లైన్ దశలు ఉంటే, ఆగమన్న సంకేతం మొదటి దశకు చేరాక కూడా నాలుగు వర్డ్‌లు దారిలోనే ఉంటాయి. అందుకే ఫుల్‌తో పాటు ఆల్మోస్ట్ ఫుల్ అనే మరో సంకేతాన్ని, కనీసం ఆ దశల సంఖ్యకూ సంకేతం వెనక్కి చేరే క్లాకుల సంఖ్యకూ సరిపోయినన్ని గదులు మిగిలి ఉండగానే లేపాలి. పైప్‌లైన్ దశల సంఖ్య మార్చిన ప్రతిసారీ ఈ హద్దును మళ్లీ లెక్కించాలి.

ఒకే క్లాకులో ఉన్న దశల మధ్య ఈ ఆపడాన్ని వాలిడ్–రెడీ జంటతో రాస్తారు. ఆర్మ్ కంపెనీ ఏఎక్స్ఐ పద్ధతిలో ఉన్నది ఇదే. పంపేవారు వాలిడ్, తీసుకునేవారు రెడీ లేపుతారు. రెండూ ఒకే ఎడ్జ్ దగ్గర పైన ఉంటేనే వర్డ్ చేతులు మారినట్టు. వాలిడ్ లేపాక, వర్డ్‌ను అవతలివారు తీసుకునే వరకు దించకూడదు, డేటాను మార్చకూడదు. వాలిడ్ లేపడానికి రెడీ కోసం ఎదురుచూడకూడదు. అవతలివారు కూడా వాలిడ్ కోసం చూస్తుంటే ఇద్దరూ అలాగే ఉండిపోతారు. ఈ జంటను నేరుగా రెండు క్లాకుల మధ్య లాగకండి, ఫిఫోకు రెండు వైపులా విడివిడిగా పెట్టండి.

కెమెరా వంటి కొన్ని మూలాలను ఆపలేం. అప్పుడు ఏది వదిలేయాలో మనమే ముందుగా నిర్ణయించాలి. మధ్యలో ఒక వర్డ్ వదిలేస్తే ఆ తరువాతి బొమ్మ అంతా పక్కకు జరుగుతుంది కాబట్టి మొత్తం ఫ్రేమును వదిలేయడం మేలు. ఈథర్‌నెట్‌లో 1997 నాటి 802.3ఎక్స్ ప్రమాణం, పంపేవారిని కాసేపు ఆగమనే పాజ్ ఫ్రేములను తెచ్చింది. అవి చేరేలోగా వచ్చే డేటాకూ బఫరులో చోటు ఉంచుకోవాలి.

పరీక్షించే విషయంలో ఒక హెచ్చరిక. మామూలు సిమ్యులేషన్‌లో మెటాస్టెబిలిటీ కనిపించదు, వైర్ల ఆలస్యాలూ కనిపించవు. బైనరీ పాయింటర్‌ను నేరుగా దాటించిన తప్పుడు ఫిఫో కూడా అక్కడ హాయిగా పాసవుతుంది. కాబట్టి టెస్ట్‌బెంచ్‌లో (సర్క్యూట్‌ను పరీక్షించే కోడ్‌లో) మారుతున్న ప్రతి బిట్టునూ సింక్రొనైజర్ యాదృచ్ఛికంగా ఒక క్లాకు ముందో వెనకో దాటించేలా రాయండి. క్లాకుల ఫేజ్‌ను ప్రతి పరుగుకూ మార్చండి. వరుసగా 0, 1, 2 అంటూ రాసి, అదే వరుసలో వస్తున్నాయా అని చదివే వైపు చూడండి. రీసెట్‌ను మాత్రం ఒక వైపే ఇవ్వకండి. ఒక పాయింటర్ సున్నాకు పోయి, రెండోది ఉన్నచోటే ఉంటే లేని డేటా ఉన్నట్టు కనిపిస్తుంది.

ఐదో భాగానికి ముందు ఈ అభ్యాసం చేయండి. రాసే వైపు 80 మెగాహెర్ట్జ్, బర్స్ట్ 200 వర్డ్‌లు. చదివే వైపు 50 మెగాహెర్ట్జ్, కానీ ప్రతి ఐదు క్లాకుల్లో నాలుగింటిలోనే చదువుతుంది. ఎన్ని గదులు కావాలో, రెండు బర్స్ట్‌ల మధ్య ఎంత విరామం ఉండాలో లెక్కించండి. చదవని ఆ ఐదో క్లాకు బర్స్ట్ మొదట్లో పడితే, చివర్లో పడితే తేడా ఎంతో కూడా రాయండి. 128 గదులు చాలని తేలినవారు, ఒక విరామం చివర ఒక బర్స్ట్, దానిని ఆనుకునే మరో బర్స్ట్ వచ్చే సందర్భానికి లెక్క మళ్లీ వేయండి.