ఇంటి బీమా: సరైన పాలసీని సరసమైన ప్రీమియానికి ఎంచుకోవడం

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచెత్తినప్పుడు ఫ్రిజ్‌లు, పరుపులు, బియ్యం బస్తాలు బురదపాలవడం చూసినవారికి ఇంటి బీమా అవసరాన్ని విడమరచి చెప్పనక్కరలేదు. 2021 ఏప్రిల్ 1 నుంచి ‘భారత్ గృహ రక్ష’ పేరిట ఒకే నమూనా పాలసీ అమల్లో ఉంది. మూల షరతులు ఒకటే కనుక మూడు నాలుగు సంస్థల ప్రీమియాలను పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. చాలామంది డబ్బు వృథా చేసుకునేది బీమా మొత్తంలో స్థలం ధరను కలపడం వల్లనే: 1,200 చదరపు అడుగుల కార్పెట్ ఏరియాను (ఇంటి లోపల వాడుకునే నేల వైశాల్యాన్ని) తిరిగి కట్టడానికి అడుగుకు 2,000 రూపాయలైతే 24 లక్షలు చాలు. సామాన్లకు అందులో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు, జాబితా ఇవ్వకుండానే వర్తిస్తుంది. నగలకూ, మామూలు దొంగతనానికీ మాత్రం విడిగా రక్షణ తీసుకోవాలి.