చలిలో వేడెక్కని లారీ ఇంజిన్: నా అనుభవం

చలికాలంలో నా లారీ ఎంత దూరం నడిచినా ఉష్ణోగ్రత ముల్లు కింది గీత దగ్గరే ఉండేది. క్యాబిన్ హీటర్ నుంచి చల్లగాలే వచ్చేది. రేడియేటర్ ముందు అట్ట కట్టమని చాలామంది సలహా ఇచ్చారు. అది జ్వరం చూడకుండా దుప్పటి కప్పడమే. పైగా టర్బో ఇంజిన్‌లో ఇంటర్‌కూలర్‌కు (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని చల్లబరిచే భాగం) గాలి అందకపోతే మరో తలనొప్పి.

రేడియేటర్‌కు కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) వెళ్లే దారిని వేడిని బట్టి తెరిచి మూసే కవాటమే థర్మోస్టాట్. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు అది మూసుకుని ఉండాలి. అందువల్ల రేడియేటర్‌కు వెళ్లే పై గొట్టం చాలాసేపు చల్లగా ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కాలి. నా బండిలో అది స్టార్ట్ చేసిన కాసేపటి నుంచే నెమ్మదిగా వెచ్చబడుతోంది. (చెయ్యి పెట్టేటప్పుడు ఫ్యాను జాగ్రత్త.) అనుమానం అక్కడే బలపడింది.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక కూలెంట్ కొంత దించి థర్మోస్టాట్ విప్పాను. దాని మీద 82 డిగ్రీలని (అది తెరుచుకోవడం మొదలుపెట్టాల్సిన వేడి) ముద్ర ఉంది, కానీ చేతిలోనే నోరు తెరుచుకుని ఉంది! కొత్తదాన్ని నీళ్లలో వేసి, థర్మామీటర్ పెట్టి వేడిచేసి, సరైన వేడికి తెరుచుకుంటోందని చూశాకే బిగించాను. గ్యాస్కెట్ (అతుకు దగ్గర కారకుండా వేసే పొర) కూడా కొత్తదే వేయాలి. కూలెంట్ నింపాక గాలి బుడగలు పోనివ్వకపోతే హీటర్ మళ్లీ మొరాయిస్తుంది.

ఇప్పుడు ముల్లు త్వరగా లేస్తోంది. బండి నిలబెట్టి డీజిల్ ఇంజిన్‌ను ఊరికే నడిపితే పెద్దగా వేడి పుట్టదు. అందుకే ఎయిర్ బ్రేకుల పీడనం నిండగానే తక్కువ ఆర్‌పీఎంలో (ఇంజిన్ తిరిగే వేగం) మెల్లగా కదులుతాను. గడ్డకట్టే చలి ఉండే చోట మాత్రం బ్లాక్ హీటర్ (స్టార్ట్ చేసే ముందే ఇంజిన్‌ను వెచ్చబరిచే విద్యుత్ పరికరం) బాగా పనికొస్తుంది.