ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి పొరెచ్ దాకా: కారు వెనక కారవాన్ కట్టుకుని వెళ్లేవాళ్లకి

మొన్న ఒక తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, ఫ్రాంక్‌ఫర్ట్‌లో మా ఇంటి నుంచి క్రొయేషియాలో పొరెచ్‌కి పది గంటలే చూపిస్తోంది. పొద్దున్నే బయల్దేరితే రాత్రి భోజనానికి చేరిపోమూ?" అన్నాడు. మ్యాప్ చూపించే టైము ఉత్త కారుకి. వెనకాల కారవాన్, అంటే కారు లాక్కెళ్లే చక్రాల ఇల్లు, తగిలించాక ఆ లెక్క మర్చిపోవాల్సిందే.

జర్మనీలో ట్రైలర్ ఉన్న కారు ఆటోబాన్ (అక్కడి హైవే) మీద కూడా గంటకి 80 కిలోమీటర్లు దాటకూడదు. తనిఖీ చేయించి 'టెంపో 100' స్టిక్కర్ వేయించుకుంటే 100 దాకా వెళ్లొచ్చు. అయితే కారవాన్ టైర్ల వయసు ఆరేళ్లు దాటకూడదు. అరక్కుండా కొత్తవాటిలా మెరిసినా సరే, చూసేది తయారైన తేదీనే. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం అన్నమాట. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు ముందు అది చూసుకోండి. ఇటలీ మీదుగా వెళ్తే మాత్రం స్టిక్కర్ ఉన్నా 80యే.

డీజిలు, పిల్లల బాత్రూము, టీ అన్నీ కలుపుకుంటే నాకు గంటకి 65 కిలోమీటర్లకి మించి ఎప్పుడూ రాలేదు. అందుకే దారిని మూడు రోజులు చేస్తాను. మొదటి రోజు ఔగ్స్‌బుర్గ్ చుట్టుపక్కల ఆగుతాం. రెండో రోజు మ్యూనిక్, సాల్జ్‌బుర్గ్ దాటి, ఆస్ట్రియాలో టౌర్న్ కొండల మీదుగా ఫిలాఖ్ దగ్గర ఫాకర్ జే చెరువు ఒడ్డుకి. మూడో రోజు పొరెచ్. చివరి రోజుని కావాలనే చిన్నది చేస్తాను. చాలా క్యాంప్‌సైట్లలో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా ఆఫీసు మూసి, గేటు దించేస్తారు. ఎండలో గేటు బయట పిల్లల్ని కూర్చోబెట్టుకున్న అనుభవం ఒక్కసారి చాలు.

జులై, ఆగస్టు శనివారాల్లో బయల్దేరొద్దు. టౌర్న్ సొరంగం ముందు జర్మన్లు, డచ్చివాళ్లు అందరూ కలిసి సంక్రాంతి ముందు రోజు టోల్‌గేటు చూపిస్తారు. మంగళవారమో బుధవారమో సెలవు పెట్టండి.

దారికన్నా ముందు బరువు సంగతి. కాగితాల్లో కారవాన్ గరిష్ఠ బరువు 1,500 కిలోలు, ఖాళీ బరువు 1,300 ఉందనుకోండి. చేతిలో మిగిలింది 200. అందులో గుడారం, కుర్చీలు, సైకిళ్లు పోగా మన సామాను మొదలవుతుంది. మొదటిసారి మా ఆవిడ 25 కిలోల బియ్యం బస్తా, గ్రైండరు, రెండు పచ్చడి జాడీలు ఇస్తే, నేను తెలివిగా వెనక మంచం కింద సర్దాను. దిగుడులో ఒక లారీ పక్క నుంచి దాటగానే కారవాన్ తోక ఊపడం మొదలెట్టింది. యాక్సిలరేటరు మీంచి కాలు తీసి, స్టీరింగు తిప్పకుండా గట్టిగా పట్టుకుంటే నెమ్మదించింది గానీ, నా గుండె మాత్రం సాల్జ్‌బుర్గ్ దాకా ఊగుతూనే ఉంది. బరువైనవి ఇరుసు మీద, నేల మీద పెట్టాలి. కారవాన్‌ని కారుకి తగిలించే కొక్కెం మీద పడే బరువు ఎంతదాకా ఉండొచ్చో కారు కాగితాల్లో, కొక్కెం పక్కన రేకు మీద రాసుంటుంది, 75 కిలోలో ఎంతో. రెండిట్లో తక్కువదే లెక్క. ఇంట్లో బరువు చూసుకునే మెషీను మీద కర్రముక్క నిలబెట్టి, దాని మీద కారవాన్ మూతి దించితే తెలిసిపోతుంది. మొత్తం బరువుకి, ధాన్యం లోడు కాటా వేయించినట్టు, ఊళ్లో వేబ్రిడ్జి ఉంటే ఎక్కించండి.

టోల్‌కి వద్దాం. ఆస్ట్రియాలో కారుకి విగ్నెట్ (హైవే వాడుకోవడానికి ముందే కొనే పాసు) చాలు, కారవాన్‌కి వేరే అక్కర్లేదు. టౌర్న్ దారికి, స్లొవేనియాలోకి దిగే కరవాంకెన్ సొరంగానికి మాత్రం విడిగా కట్టాలి. స్లొవేనియాలో విగ్నెట్ స్టిక్కర్ కాదు, నంబరు ప్లేటు మీద నమోదవుతుంది. స్విట్జర్లాండ్ అయితే కారుకి ఒకటి, కారవాన్‌కి ఇంకొకటి.

టోల్ మిగులుతుందని 'టోల్ వద్దు' అని మాత్రం నొక్కకండి. ఫోను మిమ్మల్ని వుర్ట్‌సెన్ ఘాట్ వైపు తోలొచ్చు. అక్కడ రోడ్డు వాలు 18 శాతం, పైగా కారవాన్లు నిషేధం. వెనక్కి తిప్పడం ట్రాక్టరు ట్రక్కు రివర్సు కొట్టినవాళ్లకైతే చేతనవును, మిగతావాళ్లు ఖాళీ పార్కింగులో ఒక ఆదివారం నేర్చుకోండి. జర్మనీలో రోడ్డు పనులు జరిగేచోట ఎడమ వరసలోకీ వెళ్లకండి. చాలాచోట్ల అక్కడ వెడల్పు రెండు మీటర్లకి అటూఇటూ ఆంక్ష ఉంటుంది, కారవాన్ 2.3 ఉంటుంది.

పొరెచ్‌తో ఆగక జాదర్ దాకా పోయేవాళ్లకి ఒక మాట. వెలెబిట్ కొండల మీంచి 'బురా' అనే గాలి దిగుతుంది. గట్టిగా వీస్తే స్వెటీ రోక్ సొరంగం, మస్లెనిత్సా మధ్య హైవే మీదకి కారవాన్లని రానివ్వరు. సందులో దూరి పోవాలని చూడకండి, దగ్గర్లో క్యాంప్‌సైట్ వెతుక్కోండి. మేము అలా రెండు రాత్రులు ఆగాం. బియ్యం ఈసారి అయిదు కిలోలే తెచ్చాం, మూడో పూటకి అయిపోయాయి.