ఎండలు ముదరకముందే ఇంజిన్ ఆయిల్ సంగతి చూసుకోండి

హోళీ దాటిందంటే చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురా వైపు ఎండ రోజురోజుకూ ముదురుతుంది. మే నెలలో 45 డిగ్రీలు దాటడం ఇక్కడివారికి కొత్త కాదు. పెళ్లిళ్లకని ఆసిఫాబాద్, మంచిర్యాల, కరీంనగర్ వైపు పిల్లాజెల్లాతో కార్లలో బయలుదేరేది కూడా అప్పుడే. అందుకని ముందుగానే బండిని సర్వీసింగుకు ఇస్తాం. అక్కడ ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "ఎండలకు ఈ పల్చటి ఆయిల్ ఆగదన్నా, చిక్కటిది పోద్దాం." కొత్త కారు ఉన్నవారు ఆ మాటకు తల ఊపకండి.

మూడేళ్ల కిందట నేను ఊపాను. కంపెనీ 0డబ్ల్యూ-20 అనే పల్చటి ఆయిల్ పోయమన్న ఇంజిన్‌లో చిక్కటి 20డబ్ల్యూ-50 పోయించుకున్నాను. పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజిన్ పైభాగంలో కొన్ని క్షణాలు టకటక శబ్దం వచ్చేది, మైలేజీ పడిపోయింది. ఆ ఆయిల్ తీసేయించి సరైనది పోయించాక శబ్దం మళ్లీ వినబడలేదు.

ఆ అంకెల అర్థం తెలిస్తే భయం పోతుంది. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత సులువుగా కదులుతుందో చెబుతుంది. వెనకనున్న 20 అనేది వేడెక్కిన ఇంజిన్‌లోని చిక్కదనం. దాన్ని కొలిచేది 100 డిగ్రీల వేడిలో, అప్పుడు 6.9 నుంచి 9.3 సెంటీస్టోకుల (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) మధ్య ఉండాలి. 150 డిగ్రీల దగ్గర, గట్టి రాపిడిలో కూడా చిక్కదనం ఒక హద్దు కన్నా దిగకూడదన్న షరతు ఉంది. అంత వేడిలో పరీక్ష నెగ్గిన ఆయిల్‌కు మన 46 డిగ్రీల ఎండ కొత్త పరీక్ష కాదు. పైగా ఇంజిన్ లోపలి వేడిని థర్మోస్టాటు, రేడియేటరు అదుపులో ఉంచుతాయి. ఈ ఇంజిన్లలో బేరింగుల సందులు, ఆయిల్ పంపు, వాల్వుల సమయాన్ని మార్చే యంత్రాంగం అన్నీ పల్చటి ఆయిల్‌ను లెక్కలో పెట్టుకుని చేసినవే. చిక్కటిది పోస్తే స్టార్టు చేసిన తొలి క్షణాల్లో ఆయిల్ పైదాకా చేరడం ఆలస్యమవుతుంది. కొన్ని కార్ల యజమాని పుస్తకంలో రెండు మూడు గ్రేడుల పట్టిక ఉంటుంది. ఎండకాలానికి మార్చాలనిపిస్తే ఆ పట్టికలో ఉన్నదే ఎంచుకోండి, దాన్ని దాటకండి.

మన వైపు అసలు ముప్పు దుమ్ము. బొగ్గు లారీల వెనక ఏసీ వేసుకుని గంటసేపు నిలబడే రోడ్లు మనవి. ఆ నల్లటి పొడి రేడియేటరు రెక్కల మధ్య మెత్తుకుపోతే గాలి ఆడదు, ఇంజిన్ వేడెక్కుతుంది, ఆయిల్ త్వరగా చెడుతుంది. మార్చి నెలలోనే రేడియేటరును తక్కువ ఒత్తిడి నీళ్లతో కడిగించండి. ఎయిర్ ఫిల్టరు విప్పించి చూడండి. కూలెంట్ బదులు కుళాయి నీళ్లు పోయనివ్వకండి.

ఆ తరువాత డిప్‌స్టిక్, అంటే ఇంజిన్‌లో ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల. చిన్న పెట్రోల్ కార్లలో మొత్తం ఆయిల్ మూడు లీటర్ల చుట్టుపక్కలే ఉంటుంది, అందులో అర లీటరు తగ్గినా తేడా పెద్దదే. కారును చదునైన చోట ఆపి, ఇంజిన్ ఆర్పి కొన్ని నిమిషాలు ఆగండి. డిప్‌స్టిక్ తుడిచి మళ్లీ ముంచి తీస్తే తడి రెండు గుర్తుల మధ్య కనబడాలి. పై గుర్తు దాటించి నింపడమూ తప్పే. ఆలాపల్లి మీదుగా సిరొంచకు అడవి దారిన వెళ్లేవారు అదే గ్రేడు ఆయిల్ డబ్బా ఒకటి వెంట ఉంచుకోండి. ఆయిల్ ఎర్ర దీపం వెలిగిందంటే వెంటనే పక్కకు ఆపి ఇంజిన్ ఆర్పాలి. తరువాతి ఊరిదాకా లాగుదామనుకుంటే ఇంజినే పోతుంది.

రాపిడి తగ్గిస్తుందని, మైలేజీ పెంచుతుందని అమ్మే చిన్న సీసాల విషయంలో నా మాట సూటిగా ఉంటుంది: కొనకండి. మంచి ఆయిల్‌లో రాపిడి తగ్గించే పదార్థాలు ముందే ఉంటాయి. మాలిబ్డినం కలిసినవి వేడిలో లోహం మీద జారుడు పొరను పరుస్తాయి. అరుగుదలను ఆపే జింకు సమ్మేళనం కూడా అదే లోహం మీదే పట్టు దొరకబుచ్చుకోవాలి. కంపెనీ ఈ రెండింటినీ తూకం చూసి కలుపుతుంది. మనం పైనుంచి ఒక సీసా ఒంపితే ఆ తూకం చెడవచ్చు. 2020 ఏప్రిల్ తరువాతి బీఎస్-6 (పొగ కాలుష్య ప్రమాణం) డీజిల్ కార్లలో ఇంకో చిక్కు ఉంది. లోహపు రసాయనాలు కాలి మిగిల్చే బూడిద పొగగొట్టంలోని ఫిల్టరులో పేరుకుంటుంది. అందుకే వాటికి తక్కువ బూడిద ఆయిల్ వాడమంటారు.

టర్బో పెట్రోల్ కారైతే డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ అనే ఆయిల్ నాణ్యతా ప్రమాణం కానీ అంతకన్నా కొత్తది కానీ ఉందేమో చూడండి. 2020 మేలో వచ్చిన ఈ ప్రమాణం, వేళకు ముందే సిలిండరులో మంట అంటుకుని పిస్టన్లు పగిలే జబ్బును కూడా పరీక్షిస్తుంది. సీలు మీ ఎదుటే తీయించండి. ఖాళీ డబ్బాను కోసి పారేయండి, లేకపోతే అందులో నకిలీ సరుకు నింపి అమ్ముతారు.

మిగిలిన కారు ఆయిల్‌ను ఇంట్లో మోటారు సైకిల్‌కు పోయకండి. గేర్ల బండిలో క్లచ్ ప్లేట్లు సాధారణంగా ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. కారు ఆయిల్‌లోని జారుడు పదార్థాల వల్ల అవి పట్టు తప్పవచ్చు. దానికి జాసో ఎంఏ లేదా ఎంఏ2 (మోటారు సైకిల్ ఆయిళ్ల జపాన్ ప్రమాణం) అని రాసి ఉన్న ఆయిల్ వేరే కొనండి.